750కి 282: అర్హత గీత గీసిందెవరు?

(మన చదువుల చరిత్ర - 9వ భాగం)



ఫలితాలు వచ్చే రోజుల్లో నా ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న. "అన్నా, ఇంటర్‌లో తక్కువొచ్చినయ్. ఇంక నేను పనికిరానా?" పిల్లలు అడగాలనుకున్నది రూల్ గురించి. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం "పనికిరానా" అని. మార్కుల మెమో మీదున్న అంకె మనిషి విలువగా ఎలా మారిపోయిందో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది.

ఈ అర్హత మార్కు ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికీ ఒక చరిత్ర ఉంది. ఎవరికోసం పైకి జరిగింది, ఎవరికోసం కిందికి జరిగింది అన్న చరిత్ర. ఈ భాగంలో అదే చూద్దాం. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

1. బొంబాయి, 1907

ఒక విద్యార్థి మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. 750కి 282 మార్కులు. అంటే 37.6 శాతం. పరేల్‌లో కార్మికులుండే చాల్‌లో ఒకటే గది. అదే వంటగది, అదే పడకగది, అదే చదువుల గది. అందరూ పడుకున్నాక చోటు దొరికేది. తండ్రి మేలుకొని ఉండి, తెల్లవారుజామున రెండు గంటలకు కొడుకును లేపేవాడు. స్కూల్లో సంస్కృతం చదవాలని కోరిక. మహర్ పిల్లవాడికి సంస్కృతం చెప్పమన్నారు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. బోర్డు మీద లెక్క చేయమని మాస్టారు పిలిస్తే, తోటి పిల్లలు బోర్డు వెనక పెట్టుకున్న టిఫిన్ డబ్బాలు మైలపడతాయని పరుగెత్తుకెళ్ళి తీసేసుకున్నారు.

ఆ 282 ఆయన ఒక్కడి తెలివికి వచ్చిన మార్కులని ఎలా అంటాం? ఆ గది, ఆ నిద్రలేని రాత్రులు, ఆ టిఫిన్ డబ్బాలు కూడా ఆ అంకెలో ఉన్నాయి.

ఆ విద్యార్థి పేరు భీమ్‌రావ్ అంబేడ్కర్.

ఆ మార్కులతోనే ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చేరాడు. కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ చొరవతో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చాడు. 1912లో బీఏ. 1913లో కొలంబియా యూనివర్సిటీ. 1915లో ఎంఏ. 1921లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి ఎంఎస్సీ, 1923లో డీఎస్సీ. గ్రేస్ ఇన్ నుంచి బారిస్టర్. 1927లో కొలంబియా పీహెచ్‌డీ.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. ఇవాళ ఇంజనీరింగ్‌లో చేరాలంటే ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో జనరల్‌కు 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉండాలి. 37.6 శాతం ఉన్న పిల్లవాడు ఆ 40 గీతకు కూడా అందడు. దరఖాస్తు దగ్గరే ఆగిపోతాడు. గీత వెనక ఏం పోగొట్టుకున్నామో దరఖాస్తు తిరస్కరించిన వాడికి ఎప్పటికీ తెలియదు.

అప్పుడు గీత కిందనే ఉందిగదా, మరి మనోళ్ళెందుకు చేరలేదు అని అడగొచ్చు. 1927 మార్చిలో బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ విద్యా పద్దు మీద మాట్లాడుతూ ప్రభుత్వ నివేదికలోని లెక్కలే చదివి వినిపించాడు. ప్రతి 2 లక్షల జనాభాకు ముందున్న హిందూ కులాల నుంచి కాలేజీల్లో 1,000 మంది ఉన్నారు. అంటరానివాళ్ళు, కొండజాతులు ఉన్న వెనుకబడిన తరగతి నుంచి దాదాపు సున్నా. అప్పట్లో మనల్ని ఆపడానికి అర్హత మార్కు అవసరమే రాలేదు. ఊరు, బడి, కూలి, కులం కలిసి ఆ పని చేసేశాయి. మనం బడి దాటి కాలేజీ గేటు దాకా రావడం మొదలయ్యాకే మార్కుకు ఇంత మహిమ వచ్చింది.

2. మూడు గీతలు, మూడు పనులు

కథలోకి ముందుకెళ్ళే ముందు ఒక విషయం తేల్చుకుందాం. చాలామంది మూడు గీతల్ని కలిపేసి మాట్లాడతారు.

ఒకటి, పాసు మార్కు. పరీక్ష గట్టెక్కడానికి.

రెండు, అర్హత మార్కు. కోర్సుకు దరఖాస్తు పెట్టడానికి, లేదా ర్యాంకు పొందడానికి.

మూడు, కటాఫ్. ఆ ఏడాది చివరి సీటు దక్కినవారి మార్కు లేదా ర్యాంకు. దీన్ని ఎవరూ ముందుగా గీయరు. సీట్లెన్ని, పోటీ ఎంత అన్నదాన్ని బట్టి ఏటా మారుతుంది.

మొదటి దాన్ని బోర్డు పెడుతుంది. మూడోది దానంతట అది తేలుతుంది. రెండోదే రాజకీయం. జీవో, రెగ్యులేషన్, కోర్టు తీర్పు - అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఎందుకంటే అది పెంచితే రిజర్వేషన్‌ను రద్దు చేయకుండానే రిజర్వుడు సీటును ఖాళీగా ఉంచొచ్చు. సీటు మన పేరున ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. "అర్హులు దొరకలేదు" అనే నాలుగు ముక్కలు ఫైల్లో రాసుకుంటే చాలు.

3. మద్రాసు, 1950

అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆ రాష్ట్రంలో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లు కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు 1, ముస్లింలకు 1. నాలుగు మెడికల్ కాలేజీల్లో కలిపి 330 సీట్లు. నాలుగు ఇంజనీరింగ్ కాలేజీల్లో 395.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన కొద్ది నెలలకే ఇద్దరు బ్రాహ్మణ అభ్యర్థులు కోర్టుకెళ్ళారు. చంపకం దొరైరాజన్ మెడిసిన్ కోసం, శ్రీనివాసన్ ఇంజనీరింగ్ కోసం. శ్రీనివాసన్‌కు 450కి 369 మార్కులు. చంపకం అయితే అసలు దరఖాస్తే పెట్టలేదు. పెట్టినా రాదని తెలిసిందన్నారు. శ్రీనివాసన్ తరఫున వాదించింది రాజ్యాంగ ముసాయిదా కమిటీ సభ్యుడు, మన నెల్లూరు జిల్లాకు చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు జీవోను కొట్టేసింది.

ఆ తీర్పులో ఒక చిన్న సంగతి మీద మన దృష్టి పడాలి. ఆ 330 మెడికల్ సీట్లలో 12 సీట్లు ప్రభుత్వం తన ఇష్టప్రకారం ఇచ్చుకోవడానికి పక్కన పెట్టుకుంది. ఆ మాట తీర్పులోనే ఉంది. జనాభాలో ఎంతోమంది ఉన్న కులాలకు వాటా ఇస్తే సమానత్వ హక్కు దెబ్బతింది. విచక్షణ పేరుతో ఇచ్చుకునే 12 సీట్ల జోలికి మాత్రం మెరిట్ వాదన పోలేదు.

పెరియార్ ఉద్యమం, మద్రాసు వీధుల్లో నిరసనలు, పార్లమెంటులో చర్చ. న్యాయశాఖ మంత్రిగా ఉన్న అంబేడ్కర్ ఆ తీర్పు తనకు ఏమాత్రం తృప్తికరంగా లేదని సభలోనే చెప్పాడు. 1951 జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. 15(4) అధికరణం పుట్టింది. ఇవాళ మన పిల్లలు కాలేజీలో కూర్చున్న బెంచీ కింద ఉన్నది ఆ అధికరణమే.

4. మధ్యప్రదేశ్, 1980

వాటా ఖాయమైంది. ఇక గొడవ గీత దగ్గరికి చేరింది.

మధ్యప్రదేశ్‌లో ప్రీమెడికల్ పరీక్షకు అర్హత జనరల్‌కు మొత్తం మీద 50 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. సీట్లు నిండకపోతే ఇంకొంత సడలించే వీలుంది. సడలించినా నిండలేదు. 1980 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం ఆ ఏడాదికి ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు నిబంధననే ఎత్తేసింది. సీటు రాని ఒక జనరల్ విద్యార్థిని కేసు వేసింది. హైకోర్టు ఉత్తర్వును కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

స్టేట్ ఆఫ్ మధ్యప్రదేశ్ వర్సెస్ నివేదితా జైన్, 1981. లా చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ పేరు రాసి పెట్టుకోండి. సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది. ఎందుకని? ఇంటర్ స్థాయి చదువు పాసవ్వడం తప్పనిసరి, అది అందరికీ ఉంది. ఎంపిక పరీక్షలో ఎంత మార్కుకు తీసుకోవాలన్నది వేరే సంగతి. లోపలికి వచ్చాక అందరూ ఒకే పాఠం చదవాలి, ఒకే పరీక్ష రాయాలి, ఒకే మార్కుతో పాసవ్వాలి. అప్పుడే డాక్టర్ అవుతారు.

"తక్కువ మార్కుల డాక్టర్ దగ్గరికి నువ్వు వెళ్తావా?" అని వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నకు నలభై ఏళ్ళ కిందటే కోర్టు ఇచ్చిన జవాబు ఇది. ఎంబీబీఎస్ ఫైనల్ పరీక్షలో కులానికో పాసు మార్కు లేదు. లోపలికొచ్చే గుమ్మం దగ్గరే సడలింపు, బయటికి పోయే గుమ్మం అందరికీ ఒక్కటే.

5. హైదరాబాద్, 1992

ఇప్పుడు మన సొంత గడ్డ మీదకు వద్దాం. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1992లో ఆ చట్టానికే ఒక సవరణ చేశారు. 3-ఏ సెక్షన్. దాని సారాంశం ఇది: ప్రైవేటు మెడికల్, డెంటల్, ఇంజనీరింగ్ కాలేజీలు తమ సీట్లలో సగం, ఎంట్రన్స్‌లో క్వాలిఫై అయినవాళ్ళలో ఎవరికైనా, ర్యాంకుతో సంబంధం లేకుండా ఇచ్చుకోవచ్చు.

మళ్ళీ చదవండి. ర్యాంకుతో సంబంధం లేకుండా. సగం సీట్లు.

అంతకు రెండేళ్ళ ముందే, 1990లో, మండల్‌కు వ్యతిరేకంగా చీపుర్లు పట్టి రోడ్లూడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. మెరిట్ చచ్చిపోతుందన్నారు. మన వృత్తుల్ని అవమానంగా చూపించి మరీ అన్నారు. 1992లో మెరిట్‌ను చట్టం చేసి మరీ అమ్మితే ఆ చీపుర్లు ఎక్కడికి పోయాయి?

విద్యార్థి సంఘాలు పోరాడాయి, ఆ మాట చెప్పకపోతే చరిత్రకు అన్యాయం చేసినట్టు. విషయం హైకోర్టుకెళ్ళింది. ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు 3-ఏ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ దుమారంలోనే ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవలసి వచ్చింది. 1993 ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్ చెల్లదని తేల్చింది. కానీ అదే తీర్పు ప్రైవేటు కాలేజీల్లో ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అనే విభజనను తెచ్చింది. ర్యాంకుల ప్రకారమే ఇవ్వాలన్నారు కానీ, డబ్బున్నవాళ్ళకు వేరే వరస ఒకటి ఏర్పడింది.

ఆ వరసలోంచి వచ్చిన డాక్టర్‌ని "నీ ర్యాంకెంత?" అని ఏ పేషెంటైనా అడగడం విన్నారా? మనోళ్ళను మాత్రం హాస్టల్ మెస్‌లో ప్లేటు పట్టుకున్న దగ్గర్నుంచీ అడుగుతారు.

6. గీత పైకి, గీత కిందికి

1999లో ప్రీతి శ్రీవాస్తవ కేసు. మెడికల్ పీజీ ప్రవేశాల్లో జనరల్‌కు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 20 శాతం కనీస మార్కు పెట్టారు. ఇంత తేడా కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ప్రమాణాలు పడిపోతాయన్నది వాదన. 20 శాతం అంటే ప్రమాణం పోయినట్టే అన్నమాట. ఈ 20 అంకెను గుర్తుంచుకోండి.

తర్వాత నీట్ వచ్చింది. ఇందులో అర్హత శాతం కాదు, పర్సెంటైల్. జనరల్‌కు 50వ పర్సెంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40వ పర్సెంటైల్. రెండు మాటలూ వినడానికి ఒకేలా ఉంటాయి. అర్థం వేరు. 50 శాతం అంటే 720కి 360 మార్కులు. 50వ పర్సెంటైల్ అంటే పరీక్ష రాసిన వాళ్ళలో సగం మంది కంటే ముందుంటే చాలు, మార్కు ఎంతైనా సరే. 2018లో ఆ మార్కు ఎంతో తెలుసా? జనరల్‌కు 720కి 119. పదహారున్నర శాతం.

1999లో ఎస్సీ, ఎస్టీలకు పీజీలో 20 శాతం ఉంటే ప్రమాణాలు కూలిపోయాయి. 2018లో జనరల్ విద్యార్థికి ఎంబీబీఎస్ అర్హత పదహారున్నర శాతమైతే ఏమీ కూలలేదు. పరీక్షలు వేరు, కోర్సులు వేరు, నిజమే. కానీ గగ్గోలు ఎందుకు పుట్టలేదు? 119 మార్కులతో గవర్నమెంటు సీటు రాదు. లక్షలకు లక్షలు కట్టగలిగితే ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు దొరకొచ్చు. గీత కిందికి దిగితే ఎవరికి లాభమో అక్కడే ఉంది జవాబు.

2023 సెప్టెంబరులో ఇంకో అడుగు వేశారు. నీట్ పీజీ అర్హతను అన్ని కేటగిరీలకూ సున్నా పర్సెంటైల్ చేశారు. అంటే పరీక్ష రాసిన ప్రతివాళ్ళూ అర్హులే. ఎందుకు? సీట్లు ఖాళీగా మిగిలిపోతున్నాయని. 1980లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం చెప్పిన కారణం కూడా అదే కదా! అప్పుడు ఎస్సీ, ఎస్టీ సీట్లు ఖాళీగా ఉన్నాయని గీత తుడిచేస్తే దేశం మునిగిందన్నారు. 2023లో అందరికీ గీత తుడిచేస్తే సర్దుబాటు అన్నారు.

7. 1176

ఈ చరిత్రలో అన్నిటికంటే బరువైన అంకె ఇది. తమిళనాడు అరియలూరు జిల్లాకు చెందిన దళిత బిడ్డ అనిత. తండ్రి కూలి. 2017లో ప్లస్ టూలో 1200కి 1176 మార్కులు. తమిళనాడులో అప్పటిదాకా మెడికల్ సీట్లు ప్లస్ టూ మార్కుల మీదే ఇచ్చేవారు. ఆ లెక్కన ఆమె డాక్టర్ అయ్యేది. ఆ ఏడాది నీట్ తప్పనిసరైంది. కోచింగ్‌కు డబ్బు లేని ఇల్లు. నీట్‌లో 86 వచ్చాయి. ఆ సంవత్సరం ఎస్సీ అర్హత 107. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తన మాట చెప్పుకుంది. ఫలితం రాలేదు. 2017 సెప్టెంబరు 1న మనకు దక్కకుండా పోయింది.

282తో బాబాసాహెబ్ కాలేజీలోకి వెళ్ళగలిగాడు. 1176తో అనిత వెళ్ళలేకపోయింది. స్కూలు మార్కుల్లో మనం వెనకబడి ఉన్నన్నాళ్ళూ స్కూలు మార్కులే మెరిట్. స్కూలు మార్కుల్లో మనం పైకి వచ్చేసరికి అవి చాలవు, కోచింగ్ కొనుక్కుంటే తప్ప గెలవలేని పరీక్ష కావాలి. మనం గీతను అందుకునే సమయానికి గీత అక్కడ ఉండదు.

8. మరి కనీస మార్కు అసలే వద్దా?

ఈ ప్రశ్నను తప్పించుకోకూడదు. బలహీనమైన పునాదితో వచ్చిన పిల్లవాడిని కష్టమైన కోర్సులో వదిలేస్తే మునిగిపోడా? మునుగుతాడు, వదిలేస్తే. మునగడానికి కారణం వదిలేయడం. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఒక ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఉంది. నేరుగా ప్రవేశానికి కావాల్సిన మార్కు రాకపోయినా ఖాళీ ఉన్న రిజర్వుడు సీటుకు ఎంపిక చేసి, ఏడాది చదివించి, పాసైతే బీటెక్‌లోకి తీసుకుంటారు. గీతకు అవతల ఉన్నవాడికి చేయందించడం అంటే అది. ప్రతి యూనివర్సిటీలో అలాంటి ఏర్పాటు ఎందుకు లేదు అన్నదే మన డిమాండ్ కావాలి.

మన నేల మీదా ఇలాంటి ప్రయత్నం జరిగింది. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ. బడి సర్టిఫికెట్ లేనివాళ్ళు కూడా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరగలిగేలా తలుపు తెరిచింది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. 282 మార్కుల మనిషి పేరు పెట్టుకోవడానికి అంతకంటే తగిన విశ్వవిద్యాలయం ఏముంటుంది!

9. మెమో చేతిలో పట్టుకున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

కొన్ని పనికొచ్చే మాటలు.

ఇంజనీరింగ్‌కు గ్రూపు సబ్జెక్టుల్లో 40 శాతం దగ్గర ఆగిపోతే, సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చు. మన ఎంసెట్‌లో (ఇప్పటి ఈఏపీసెట్) క్వాలిఫై అవడానికి ఇతరులకు 25 శాతం మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు లేదు. "నువ్వు క్వాలిఫై కాలేదు" అని ఎవరైనా నోటిమాటగా అంటే నమ్మి ఇంటికి పోవద్దు, ర్యాంకు కార్డు తీసుకుని చూసుకోండి. ఐఐటీలో చేరడానికి ఇంటర్‌లో జనరల్‌కు 75 శాతం అయితే ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. అది రాకపోయినా మీ బోర్డులో, మీ కేటగిరీలో టాప్ 20 పర్సెంటైల్‌లో ఉంటే చాలు. చాలామందికి ఈ రెండో దారి తెలియక వెనక్కి తిరుగుతున్నారు. రూల్స్ ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ సంవత్సరం ఇన్ఫర్మేషన్ బులెటిన్ మీరే తెరిచి చదవండి. కన్సల్టెన్సీ వాడి మాట చివర్న వినండి.

సంఘాల్లో పనిచేస్తున్న మిత్రులకు ఒక పని. కౌన్సెలింగ్ అయ్యాక మీ జిల్లా కాలేజీల్లో ఎస్సీ, ఎస్టీ సీట్లు ఎన్ని మిగిలాయో, ఏ కారణం రాశారో ఆర్టీఐలో అడగండి. "అర్హులు లేరు" అని ఉంటే, ఏ మార్కు దగ్గర లేరు, ఆ మార్కును సడలించే అధికారం ఎవరికి ఉంది, ఎందుకు వాడలేదు అని రెండో దరఖాస్తు పెట్టండి.

మార్కులు తక్కువ వచ్చాయని మనసు కుంగిపోతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒంటరిగా ఉండొద్దు. అమ్మతో, అన్నతో, టీచర్‌తో, ఫ్రెండ్‌తో, ఎవరితో అయినా ఇవాళే మాట్లాడండి. మనకు రూల్‌తో కొట్లాడే బిడ్డలు కావాలి, రూల్‌కు బలయ్యే బిడ్డలు వద్దు.

అర్హత గీతను మనుషులే గీశారు. నివేదితా జైన్ కేసులో ఒకసారి తుడిచారు, ప్రీతి శ్రీవాస్తవ కేసులో మళ్ళీ దిద్దారు, 2023లో మళ్ళీ తుడిచారు. ఇన్నిసార్లు జరిగిన గీతను చూపించి నువ్వు పనికిరావు అంటే నమ్మొద్దు.

వచ్చే భాగంలో హాస్టళ్ళ చరిత్ర. సంక్షేమ హాస్టల్ మన తరాలను ఎలా చదివించింది, దాన్ని ఎలా ఎండగడుతున్నారు అన్నది మాట్లాడుకుందాం. మీ ఊరి హాస్టల్ ఎప్పుడు మొదలైందో తెలిసినవాళ్ళు కామెంట్‌లో రాయండి.

జై భీమ్.